ఇద్దరిని కట్టిపడేసే ఒక్కడికి ఎంత ఇవ్వాలి?

2024 నవంబరు 7 రాత్రి బాల్టిమోర్ మైదానంలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు జమార్ చేజ్ 11 బంతులు అందుకున్నాడు. 264 గజాలు సంపాదించాడు, మూడు టచ్‌డౌన్లు చేశాడు, అంటే మూడుసార్లు బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించాడు. ఏ వైడ్ రిసీవర్‌కైనా అలాంటి రాత్రి జీవితంలో ఒకటి దొరికితే గొప్ప. అయినా అతని జట్టు సిన్సినాటి బెంగాల్స్ ఒక్క పాయింటు తేడాతో, 34-35తో ఓడిపోయింది. అంతకు నెల రోజుల ముందు, అక్టోబరు 6న, ఇదే బాల్టిమోర్ రేవెన్స్ మీద చేజ్ 193 గజాలు, రెండు టచ్‌డౌన్లు చేసిన రోజు కూడా అంతే. 38 పాయింట్లు చేసిన బెంగాల్స్ 41 పాయింట్లు సమర్పించుకుని ఓడింది. రెండు మ్యాచ్‌లలో కలిపి 457 గజాలు, ఐదు టచ్‌డౌన్లు వచ్చాయి. విజయం ఒక్కటీ రాలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలకు, 2025 మార్చిలో, బెంగాల్స్ యాజమాన్యం చేజ్‌తో నాలుగేళ్లకు 16.1 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఏడాదికి సగటున 4 కోట్ల డాలర్లు దాటింది. మన లెక్కలో సుమారు 350 కోట్ల రూపాయలు. క్వార్టర్‌బ్యాక్ కాని ఆటగాడికి అప్పటివరకు ఎవరూ అంత ఇవ్వలేదు. బంతి పట్టే మనిషికి ఇంత అవసరమా అని అమెరికన్ ఫుట్‌బాల్ లోకంలో ఏళ్లుగా నడుస్తున్న వాదం దీంతో మళ్లీ రాజుకుంది.

ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఒక్కో పక్షాన 11 మంది ఆడతారు. బంతి చేతిలో ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు జరగడానికి నాలుగు ప్రయత్నాలు ఉంటాయి. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు. మైదానం అంచున నిలబడి, ముందే నిర్ణయించిన దారిలో పరుగెత్తి, కాపలాదారుణ్ని వదిలించుకుని ఆ బంతిని అందుకునేవాడు వైడ్ రిసీవర్. 1978లో వచ్చిన ఒక నిబంధన ఇతని బతుకునే మార్చేసింది. బంతి పెట్టిన గీతకు అయిదు గజాలు దాటాక రిసీవర్‌ను పట్టుకోవడం, నెట్టడం రక్షకులకు నిషిద్ధమైంది. లీగ్ మొత్తం బంతి విసిరే ఆట వైపు ఒరగడానికి అది పెద్ద మలుపు.

ఇక డబ్బు. ప్రతి జట్టుకూ జీతాల పరిమితి ఉంటుంది. 1994లో అది మొదలైనప్పుడు 3.46 కోట్ల డాలర్లు. 2022లో 20.82 కోట్లు, 2024లో 25.54 కోట్లు, 2025లో 27.92 కోట్లు. యజమాని ఎంత ధనవంతుడైనా 53 మంది ఆటగాళ్లను ఆ గీతలోపలే పోషించాలి. అందుకే ఇక్కడ ఒక జీతం ఎక్కువా తక్కువా అని విడిగా అడగడంలో అర్థం లేదు. ఆ జీతం ఎవరి చోటు తినేస్తున్నదని అడగాలి. ఐపీఎల్ చూసేవారికి ఈ సంగతి తేలిగ్గా అందుతుంది. 2025 సీజన్‌కు ఒక్కో ఫ్రాంచైజీకి 120 కోట్ల రూపాయల పరిమితి ఉండగా, సన్‌రైజర్స్ హైదరాబాద్ హెన్రిక్ క్లాసెన్ ఒక్కడికే 23 కోట్లు కేటాయించింది. అంటే 19 శాతం. కాకపోతే క్రికెట్ జట్టులో గరిష్ఠంగా 25 మంది. ఫుట్‌బాల్‌లో అంతకు రెట్టింపు కంటే ఎక్కువ.

కోట్ల అంకెలు కళ్లు చెదరగొడతాయి కనుక వాటిని పక్కన పెట్టి శాతాలు చూడాలి. 2012 మార్చిలో డెట్రాయిట్ లయన్స్ కాల్విన్ జాన్సన్‌తో కొత్త ఒప్పందం చేసుకుంది. ఏడాదికి సగటున దాదాపు 1.62 కోట్ల డాలర్లు. ఆ ఏడాది పరిమితి 12.06 కోట్లు కాబట్టి అది 13.4 శాతం. 2022లో టైరీక్ హిల్‌కు మయామీ డాల్ఫిన్స్ ఇచ్చింది ఏడాదికి 3 కోట్లు, అంటే 14.4 శాతం. 2024లో మిన్నెసోటా వైకింగ్స్ జస్టిన్ జెఫర్సన్‌కు ఇచ్చిన 3.5 కోట్లు 13.7 శాతం. 2025లో చేజ్‌ది మళ్లీ 14.4 శాతం. పుష్కర కాలంలో డాలర్లు రెండున్నర రెట్లయ్యాయి, వాటా మాత్రం ఉన్నచోటే ఉంది. పైగా హిల్ ఒప్పందంలో చివరి ఏడాదికి గ్యారంటీ లేని పెద్ద మొత్తం తగిలించి సగటును ఉబ్బించారు. నిజంగా చేతికి అందే డబ్బును బట్టి చూస్తే అతని వాటా ఇంకా తక్కువే. కాబట్టి ‘రిసీవర్ల ధరలు ఆకాశాన్నంటాయి’ అనే మాటలో సగమే నిజం ఉంది. అగ్రశ్రేణి రిసీవర్ ధర లీగ్ ఆదాయంతో పాటు పెరిగింది, అంతే.

వాటా మారలేదంటే ఆ వాటా సరైనదని కాదు. కాల్విన్ జాన్సన్ ఒప్పందం చేసుకున్న ఆ 2012లోనే 1,964 గజాలతో ఒక సీజన్ రికార్డు సృష్టించాడు. లయన్స్ ఆ సీజన్‌లో 16 మ్యాచ్‌లలో నాలుగే గెలిచింది. పొదుపు చేయాలనేవారి చేతిలో ఇంతకన్నా బలమైన ఆయుధం లేదు. రిసీవర్ స్వతంత్రుడు కాడు, బంతి విసిరేవాడు విసరాలి. విసిరేదాకా లైన్‌లోని అయిదుగురు భారీకాయులు అతన్ని కాపాడాలి. ఇవన్నీ కుదిరినా జెఫర్సన్ వంటి దిగ్గజం తన అత్యుత్తమ సీజన్ 2022లో 17 మ్యాచ్‌లలో లక్ష్యమైంది 184 బంతులకే. మ్యాచ్‌కు పదకొండు చొప్పున. అరవైకి పైగా ఎత్తులు, అంటే బంతి కదిలే ప్రయత్నాలు, ఉన్న మ్యాచ్‌లో పదకొండు సార్లు బంతి వచ్చే మనిషికి జట్టు సొమ్ములో ఏడో వంతు ఇస్తారా అన్నది న్యాయమైన ప్రశ్నే.

దానికి జవాబు మిగతా యాభై ఎత్తుల్లో ఉంది. 2022 నవంబరు 13న బఫలోలో, నాలుగో ప్రయత్నంలో 18 గజాలు కావలసిన చోట, జెఫర్సన్ వెనక్కి వంగి గాలిలోకి లేచి, అప్పటికే రక్షకుడి రెండు చేతుల మధ్యకు చేరిన బంతిని ఒక్క చేత్తో లాక్కుని 32 గజాలు సంపాదించాడు. ఆ మ్యాచ్ వైకింగ్స్ అదనపు సమయంలో 33-30తో గెలిచింది. టీవీలో పదే పదే చూపేది దాన్నే. కోచ్‌లు డబ్బు లెక్కపెట్టేది అక్కడ కాదు. బంతి కదలకముందే ప్రత్యర్థి వెనుక కాపలాదారు, అంటే సేఫ్టీ, మధ్యలో ఉండాల్సినవాడు నాలుగడుగులు జెఫర్సన్ వైపు జరుగుతాడు. రిసీవర్‌ను అంటిపెట్టుకునే కార్నర్‌బ్యాక్ ముందు, సేఫ్టీ వెనుక. ఒక్కడికి ఇద్దరు కాపలా. ఆ క్షణంలో మిగతా మైదానంలో ప్రత్యర్థికి ఒక మనిషి తక్కువ పడ్డాడు. పరుగు తీసేవాడికి సందు దొరుకుతుంది, రెండో రిసీవర్‌కు ఒంటరి కాపలాదారు దొరుకుతాడు. బంతి జెఫర్సన్ వైపు రానే రాదు, అతని పేరు స్కోరు పట్టికలో పడదు. అయినా ఆ ఎత్తు ఫలించడానికి కారణం అతనే.

2024 సీజన్‌లో ఇది కళ్లకు కట్టింది. అంతకుముందు పలు జట్లు వదులుకున్న శామ్ డార్నాల్డ్‌ను వైకింగ్స్ ఏడాదికి కోటి డాలర్లకు తెచ్చుకుంది. క్వార్టర్‌బ్యాక్ సంతలో అది చిల్లర డబ్బు. అదే ఏడాది డాలస్ కౌబాయ్స్ తమ క్వార్టర్‌బ్యాక్‌కు సంవత్సరానికి 6 కోట్లు రాసిచ్చింది. జెఫర్సన్ వంటి రిసీవర్ ఉన్న చోట డార్నాల్డ్ 4,319 గజాలు విసిరాడు, జట్టు 17 మ్యాచ్‌లలో 14 గెలిచింది. కోచ్ ప్రతిభా అందులో ఉంది, కాదనలేం. కానీ కోటి డాలర్ల క్వార్టర్‌బ్యాక్‌తో 14 విజయాలు సాధించిన జట్టుకు రిసీవర్ మీద పెట్టిన మూడున్నర కోట్లు దండగ అనడం కుదరదు.

పొదుపు పక్షానికి ఇష్టమైన ఉదాహరణ కాన్సాస్ సిటీ చీఫ్స్. 2022 మార్చిలో టైరీక్ హిల్ అడిగినంత ఇవ్వలేమని తేల్చుకుని, అయిదు డ్రాఫ్ట్ అవకాశాలకు బదులుగా అతన్ని మయామీకి పంపేసింది. డ్రాఫ్ట్ అంటే జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను వంతులవారీగా, రౌండ్ల వారీగా ఎంచుకునే పద్ధతి. హిల్ మయామీలో రెండేళ్లు చెలరేగాడు. 1,710 గజాలు, ఆపైన 1,799. చీఫ్స్ ఆ రెండేళ్లూ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. 2024 జనవరి 13న ఈ రెండు దారులూ ఒకే మైదానంలో ఎదురుపడ్డాయి. కాన్సాస్ సిటీలో ఆ రాత్రి చలి సున్నాకు 20 సెల్సియస్ డిగ్రీలు దిగువ. డాల్ఫిన్స్ 26-7తో ఓడింది. మయామీ చేసిన ఒకే ఒక్క టచ్‌డౌన్ హిల్‌దే, 53 గజాల దూరం నుంచి.

ఈ కథ ఇక్కడితో ఆపేసేవారు చాలామంది. పూర్తిగా చెప్పుకుంటే దాని అర్థం మారుతుంది. చీఫ్స్ వద్ద పాట్రిక్ మహోమ్స్ ఉన్నాడు. హిల్ వెళ్లిపోయిన తొలి ఏడాదే 5,250 గజాలు విసిరి లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. టైట్ ఎండ్ స్థానంలో, అంటే లైన్ చివర నిలబడి బంతి కూడా పట్టేవాడి స్థానంలో, ట్రావిస్ కెల్సీ ఉన్నాడు. రక్షకులు ఇద్దరు చొప్పున చుట్టుముట్టే పాత్రను అతను పోషించాడు. హిల్ బదులుగా వచ్చిన మొదటి రౌండ్ అవకాశాన్ని వాడుకుని ముందుకు జరిగి తెచ్చుకున్న కార్నర్‌బ్యాక్ ట్రెంట్ మెక్‌డఫీ మేటి రక్షకుడిగా ఎదిగాడు. అదే బేరంలో వచ్చిన రెండో రౌండ్ అవకాశం ద్వారా తీసుకున్న రిసీవర్ స్కై మూర్ మాత్రం నిలదొక్కుకోలేదు. హిల్ పోయిన ఖాళీని చీఫ్స్ మరో చవక రిసీవర్‌తో పూడ్చలేకపోయింది. ఇతర చోట్ల బలం పెంచుకుని తట్టుకుంది. మహోమ్స్ లేని జట్టు ఈ దారి పడితే ఏమవుతుందో టెనెసీ టైటన్స్‌ను చూస్తే తెలుస్తుంది.

2022 ఏప్రిల్ 28, డ్రాఫ్ట్ రాత్రి. ఎ.జె. బ్రౌన్‌తో బేరం తెగక టైటన్స్ అతన్ని ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు పంపి, దానికి బదులుగా వచ్చిన 18వ అవకాశంతో అదే ఆకారం, అదే తరహా ఉన్న ట్రేలాన్ బర్క్స్‌ను తీసుకుంది. కాగితం మీద తెలివైన లెక్క. ఖరీదైనవాడి స్థానంలో చవకైన యువకుడు. బర్క్స్ మొదటి రెండేళ్లలో కలిపి 665 గజాలు చేశాడు. బ్రౌన్ ఫిలడెల్ఫియాలో మొదటి ఏడాదే 1,496 గజాలు చేశాడు. 2022 డిసెంబరు 4న బ్రౌన్ తన పాత జట్టు మీద 119 గజాలు, రెండు టచ్‌డౌన్లు చేశాడు. ఈగల్స్ 35-10తో గెలిచింది. రెండు రోజుల తర్వాత టైటన్స్ జనరల్ మేనేజర్ ఉద్యోగం పోయింది.

రిసీవర్లు ఏటా పుట్టుకొస్తారన్న మాట అబద్ధం కాదు. 2024 డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఏడుగురు రిసీవర్లు ఎంపికయ్యారు. 2023లో అయిదో రౌండ్‌లో, 177వ స్థానంలో లాస్ ఏంజెలిస్ రామ్స్‌కు దొరికిన పూకా నకువా తొలి ఏడాదే 105 బంతులు పట్టి 1,486 గజాలతో కొత్త ఆటగాళ్ల రికార్డు సృష్టించాడు. వైకింగ్స్ తన మేటి రిసీవర్ స్టెఫాన్ డిగ్స్‌ను బఫలోకు ఇచ్చి, దానివల్ల దక్కిన 22వ అవకాశంతోనే 2020లో జెఫర్సన్‌ను తెచ్చుకుంది. 2011 కార్మిక ఒప్పందం తర్వాత కొత్తవారి జీతాలు ఎంపిక క్రమాన్ని బట్టి ముందే ఖరారవుతున్నాయి. జెఫర్సన్ మొదటి నాలుగేళ్లకు జట్టు ఇచ్చింది మొత్తం 1.31 కోట్లే. ఆ నాలుగేళ్లలో అతను 5,899 గజాలు చేశాడు. ఏ లెక్క వేసినా జట్టుకు ఇంతకు మించిన లాభసాటి బేరం ఉండదు. అయితే జెఫర్సన్ దొరికిన దారిలోనే బర్క్స్ కూడా దొరుకుతాడు. డ్రాఫ్ట్ నుంచి మరో మేటి రిసీవర్ వస్తాడన్న ధీమాతో చేతిలో ఉన్నవాణ్ణి వదులుకోవడం, ఊరి చెరువు నిండకముందే ఇంటి బావి పూడ్చుకోవడం లాంటిది.

నిజంగా డబ్బు మునిగేది పైమెట్టు మీద కాదు, మధ్య మెట్టు మీద. 2021 మార్చిలో న్యూయార్క్ జెయింట్స్ కెన్నీ గొలాడేకు నాలుగేళ్లకు 7.2 కోట్లు రాసిచ్చింది. అందులో 4 కోట్లు గ్యారంటీ. రెండు సీజన్లలో అతను పట్టినవి 43 బంతులు, చేసింది 602 గజాలు, ఒక్క టచ్‌డౌన్. 2023 మార్చిలో వదిలించుకున్నారు. గొలాడే మంచి ఆటగాడు కాకపోలేదు. 2019లో 11 టచ్‌డౌన్లు చేసినవాడే. కానీ అతని కోసం ఏ ప్రత్యర్థీ సేఫ్టీని నాలుగడుగులు జరపలేదు. ఇద్దరిని లాగలేని రిసీవర్‌కు ఇచ్చే పెద్ద జీతం, అతను పట్టిన బంతులకు మాత్రమే ఇచ్చే జీతం. ఆ పని నాలుగో రౌండ్‌లో వచ్చిన కుర్రాడూ చేయగలడు. 14 శాతం ఇవ్వదగినవాళ్లు లీగ్ మొత్తంలో ఆరుగురో ఎనిమిదిమందో ఉంటారు. రిసీవర్లకు పెద్ద జీతాలు రాసివ్వడానికి సిద్ధపడే జట్లు అంతకంటే ఎక్కువ. కొట్లాట అక్కడ మొదలవుతుంది.

ఎవరికి ఇవ్వాలో తేలాక, ఎప్పుడు ఇవ్వాలన్నది అంతకన్నా ముఖ్యం. డ్రాఫ్ట్ అయిన ఆటగాడితో మూడు సీజన్ల తర్వాతే కొత్త ఒప్పందం మాట్లాడవచ్చు. 2024 వేసవి ఈ విషయంలో పెద్ద పాఠం. ఏప్రిల్‌లోనే లయన్స్ అమన్-రా సెయింట్ బ్రౌన్‌తో ఏడాదికి 3 కోట్లకు బేరం తేల్చుకుంది. ఆ మర్నాడు ఈగల్స్ ఎ.జె. బ్రౌన్‌తో 3.2 కోట్లకు కుదుర్చుకుంది. అంతకు పది రోజుల ముందే రెండో రిసీవర్ డెవాంటా స్మిత్‌తో 2.5 కోట్లకు పని ముగించింది. జూన్‌లో జెఫర్సన్ 3.5 కోట్లు సాధించగానే సంత మారిపోయింది. డాలస్ కౌబాయ్స్ మాత్రం నానబెట్టింది. దాని మేటి రిసీవర్ సీడీ లాంబ్ శిక్షణ శిబిరానికి రాకుండా భీష్మించాడు. ఆ జట్టు ప్రధాన కార్యాలయం ఉన్న ఫ్రిస్కోలో, చుట్టుపక్కల ఊళ్లలో పెద్ద సంఖ్యలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఆట చూసే పిల్లలకు ఆ వేసవి అంతా లాంబ్ వస్తాడా రాడా అన్నదే బెంగ. చివరికి ఆగస్టు నెలాఖరులో 3.4 కోట్లకు ఒప్పుకోక తప్పలేదు. చేజ్ విషయంలో బెంగాల్స్ ఇంకా ఆగింది. ఆ ఆగడం ఖరీదు జెఫర్సన్ ధరతో పోల్చినా ఏడాదికి అర కోటి డాలర్లకు పైనే.

ఈగల్స్ ఇద్దరు రిసీవర్లకు కలిపి ఏడాదికి 5.7 కోట్లు ఒప్పుకుంది, క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌కు 5.1 కోట్లు. అయినా 2025 ఫిబ్రవరిలో చీఫ్స్‌ను 40-22తో చిత్తుచేసి సూపర్ బౌల్ గెలిచింది. రెండో రిసీవర్‌కు డబ్బు పోస్తే జట్టు కూలుతుందన్న వాదన ఆ రాత్రితో చెల్లకుండా పోయింది. ఈగల్స్‌కు ఇది సాధ్యమైంది ముందుగా కొనడం వల్ల, దానికి తోడు సైనింగ్ బోనస్ మెలిక వల్ల. ఒప్పందం రోజున చేతికిచ్చే బోనస్‌ను జీతాల పరిమితి ఖాతాలో అయిదేళ్ల వరకు పంచి రాయవచ్చు. లాంబ్‌కు ఇచ్చిన 3.8 కోట్ల బోనస్ ఏడాదికి 76 లక్షల చొప్పున పడుతుంది. పరిమితి ఏటా పెరుగుతున్నంత కాలం రేపటి డాలరు నేటి డాలరు కంటే తేలిక. కానీ మధ్యలో ఆటగాణ్ణి వదులుకుంటే మిగిలిన బోనస్ అంతా ఒక్కసారిగా నెత్తిన పడుతుంది. 2024లో డిగ్స్‌ను హ్యూస్టన్‌కు పంపినందుకు బఫలో ఖాతాలో 3.1 కోట్లు అలా పడ్డాయి. ఆ జట్టు వెయ్యి గజాల రిసీవర్ ఒక్కడూ లేకుండానే ఆ ఏడాది 13 మ్యాచ్‌లు గెలిచింది. దానికి కారణం జాష్ అలెన్ అనే క్వార్టర్‌బ్యాక్. మళ్లీ అదే మాట: మహోమ్సో అలెనో ఉన్న జట్టు రిసీవర్ మీద ఆదా చేయవచ్చు. అలాంటి క్వార్టర్‌బ్యాక్‌లు లీగ్‌లో ముగ్గురో నలుగురో.

ఆ లెక్కన బెంగాల్స్ చేసింది విచిత్రంగా కనిపిస్తుంది. క్వార్టర్‌బ్యాక్ జో బరోకు 5.5 కోట్లు, చేజ్‌కు 4.02 కోట్లు, రెండో రిసీవర్ టీ హిగిన్స్‌కు 2.88 కోట్లు. ముగ్గురికి కలిపి ఏడాది సగటు 12.4 కోట్లు, 2025 పరిమితిలో 44 శాతం. 2024లో ఆ జట్టు 33 పాయింట్లు, ఆపైన చేసి కూడా నాలుగు మ్యాచ్‌లు ఓడింది. బంతి పట్టేవాళ్ల కొరత ఆ జట్టుకు ఎప్పుడూ లేదు. కొరత బంతిని ఆపేవాళ్లది. చేజ్‌కు ఇవ్వడం తప్పు కాదు. 127 బంతులు, 1,708 గజాలు, 17 టచ్‌డౌన్లతో మూడు జాబితాల్లోనూ లీగ్‌లో మొదటివాడిని వదులుకోమని ఎవరూ అనరు. తప్పు చేజ్‌కు ఆలస్యంగా ఇవ్వడం, అదే వారం హిగిన్స్‌కూ ఇవ్వడం. బరో దాదాపు ఎవరికైనా బంతి అందించగలడు. అలాంటివాడి పక్కన రెండో ఖరీదైన రిసీవర్‌కు పెట్టిన 2.88 కోట్లతో ఇద్దరు మంచి రక్షకులు వచ్చేవారు. 2025 సీజన్ రెండో వారంలోనే బరో కాలి బొటనవేలికి గాయమై నెలల తరబడి దూరమయ్యాడు. ఇద్దరు రిసీవర్లూ ఉన్నారు, జట్టు ప్లేఆఫ్స్‌కు చేరలేదు.

వయసు సంగతి రామ్స్ కంటే ఎవరికీ బాగా తెలియదు. కూపర్ కప్ 2021లో 145 బంతులు, 1,947 గజాలు, 16 టచ్‌డౌన్లు చేసి, సూపర్ బౌల్‌లోనూ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2022 జూన్‌లో, 29వ పుట్టినరోజు దగ్గరపడుతుండగా, మూడేళ్లకు అదనంగా 8 కోట్లు ఇచ్చారు. కృతజ్ఞత ఉన్న నిర్ణయం అది. కానీ ఆ తర్వాతి మూడు సీజన్లలో గాయాల వల్ల అతను ఆడింది 9, 12, 12 మ్యాచ్‌లు. 2025 మార్చిలో వదులుకున్నారు. పరుగెత్తి ఆగి మలుపు తిరిగే ఈ పనిలో మోకాళ్లు, తొడ కండరాలు ముందు అరుగుతాయి. హిల్ కూడా ముప్పై దాటిన 2024లో 959 గజాల దగ్గర ఆగాడు.

కప్ ఖాళీ చేసిన చోట ఇప్పుడు నకువా ఉన్నాడు. 2025 సీజన్‌తో అతనికి మూడేళ్లు నిండి, కొత్త ఒప్పందం అడిగే హక్కు వచ్చింది. ఇన్నాళ్లూ ఏడాదికి సుమారు 10 లక్షల డాలర్లకు ఆడినవాడు చేజ్ అంకెను చూపించి మాట్లాడతాడు, చూపించాలి కూడా. 2025 సీజన్ ముగిసేసరికి వయసు పాతికలోపే. అతని వైపు సేఫ్టీలు జరుగుతున్నారు. 14 శాతం అడిగితే రామ్స్ ఇవ్వాలి, వేసవి శిబిరం దాకా ఆగకుండా ఇవ్వాలి. నాలుగేళ్లకు మించి మాత్రం ఒక్క ఏడాదికీ గ్యారంటీ రాయకూడదు.